చెన్నై వానలకు ముందు డెంగీ జాగ్రత్తలు: ఇంట్లో చేయాల్సినవి, వార్డులో అడగాల్సినవి

చెన్నైలో అసలు వానలు అక్టోబరు నడిమికి మొదలవుతాయి. డెంగీ పని సెప్టెంబరులోనే మొదలుపెట్టాలి. డెంగీని మోసే ఏడిస్ దోమ ఎక్కువగా పెరిగేది మనం దాచుకున్న మంచినీళ్లలోనే. నీటి అంచుకు కాస్త పైన, గోడకు అంటుకునేలా గుడ్లు పెడుతుంది. నీళ్లు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ తడి తగిలితే పగిలి లార్వాలు (దోమ పిల్లపురుగులు) బయటికొస్తాయి. అందుకే డ్రమ్ము వంచేసి నింపుకుంటే చాలదు, లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్దాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికొక రోజు ఇందుకే కేటాయించండి. ఆ రోజు తప్పకూడదు.

సంప్ మూతకున్న రంధ్రానికి, ఓవర్‌హెడ్ ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు మూతికి సన్నటి నైలాన్ వల కట్టండి. ఫ్రిజ్ వెనక ట్రే, ఏసీ నీళ్ల బకెట్టు, కుండీల కింది పళ్లేలు, మేడ మీది పాత టైర్లు చూడండి. ఊరెళ్లేటప్పుడు కమోడ్ మూత వేయడం చాలామంది మరిచిపోతారు.

జ్వరం వస్తే పారాసిటమాల్ మాత్రమే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. ఆస్ప్రిన్, ఇబుప్రోఫెన్ రక్తస్రావాన్ని పెంచుతాయి, వాటి జోలికి వెళ్లొద్దు. డెంగీ అవునో కాదో తేల్చే రక్తపరీక్షలు రెండు: మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజీఎం. జ్వరం దిగిందని నిశ్చింతగా ఉండకండి, అసలు ప్రమాదం ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంతవరకు మన చేతిలో పని. ఖాళీ స్థలాలు, ఆగిపోయిన కట్టడాల్లో లిఫ్టు గుంతలు, పక్కింటి తాళం వేసిన మేడ మన చేతిలో లేవు. వాటికి మనుషులు కావాలి, మనుషులకు జీతాలు కావాలి. ఆరోగ్యంపై ప్రభుత్వ వ్యయం 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానమే రాసుకుంది. 15వ ఆర్థిక సంఘం 2021–26కి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయల గ్రాంట్లు సిఫారసు చేసింది. 1939లోనే ప్రజారోగ్య చట్టం చేసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఇది, కోస్తా, రాయలసీమ కూడా అప్పుడు అందులోనివే. నివారణకు డబ్బు అడగడం ఇక్కడ కొత్త కోరికేమీ కాదు.

అడిగేటప్పుడు ఫాగింగ్ అడగకండి. పొగ ఎగిరే దోమనే చంపుతుంది, సంప్‌లోని లార్వా నాలుగైదు రోజుల్లో దోమై బయటికొస్తుంది. పొగ కంటికి కనబడుతుంది కాబట్టి అందరూ అదే కోరతారు, డబ్బూ అటే పోతుంది. ఏరియా సభ (వార్డులో మన ప్రాంతం వాళ్ల సమావేశం) జరిగినప్పుడు కౌన్సిలరును సూటిగా అడగాల్సినవి వేరు. మన వార్డులో ఇంటింటికీ తిరిగి లార్వా వెతికే కార్మికులు ఎందరు? ఏడాది పొడుగునా ఉంటారా, వానల్లోనేనా? బడులలో ఆరోగ్య పాఠాలకు, కరపత్రాలకు వేరే పద్దు ఉందా? తమిళం చదవలేని తెలుగు, హిందీ, ఒడియా కూలీల కోసం వాళ్ల భాషల్లో అచ్చు వేస్తారా?

కార్పొరేషన్ బడ్జెట్ ఏప్రిల్‌కు ముందే ఖాయమవుతుంది, కాబట్టి అర్జీ జనవరిలోగా చేరాలి. వీధి పేరు, తేదీ, ఫోటోతో నీళ్లు నిలిచే చోట్ల జాబితా జతచేయండి. విడి ఫిర్యాదులకు కార్పొరేషన్ 1913 నంబరు ఉంది, ఆ ఫిర్యాదు నంబర్లనూ అర్జీలో రాయండి. రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోకుండా ఆఫీసు నుంచి కదలకండి.