అయిదు ఫండ్లున్నా రిస్క్ ఒక్కచోటే

అయిదు మ్యూచువల్ ఫండ్లున్నాయి కదా, నాకేం ఢోకా లేదనుకున్నాను. 2020 జనవరిలో 12,000 పైన ఉన్న స్టాక్ మార్కెట్ సూచీ నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది, నా అయిదు ఫండ్లూ కూడబలుక్కున్నట్టు పడ్డాయి, ఎందుకంటే అన్నీ ఈక్విటీవే, అంటే షేర్లలో పెట్టేవే, వాటిలో మూడు స్మాల్‌క్యాప్, అంటే చిన్న కంపెనీల షేర్లవి. పేర్లు వేరు, సరుకు ఒకటే. ఆ నెలంతా రాత్రుళ్లు నిద్ర లేదు.

తర్వాత కూర్చుని ఒక కాగితం మీద అన్నీ రాశాను. పీఎఫ్, పీపీఎఫ్ కూడా నా డబ్బే కదా, వాటిని ఇన్నాళ్లూ లెక్కలోకే తీసుకోలేదు! ఈక్విటీ 60, పీఎఫ్‌లాంటివి 30, బంగారం 10 శాతం అనుకున్నాను. (ఇంట్లో నగలు కలపలేదు, వాటిని అమ్మే ధైర్యం నాకెక్కడిది.) ఆర్నెల్ల ఖర్చు ఎఫ్‌డీలో విడిగా ఉంచాను.

ఏడాదికోసారి, ఏప్రిల్లో చూస్తాను. ఈక్విటీ 65 శాతం దాటితే ఉన్నవి అమ్మేయను, నెలనెలా కొత్తగా వేసే సిప్ డబ్బు తగ్గినవైపు మళ్లిస్తాను. అమ్మితే ఏడాదికి 1.25 లక్షలు దాటిన దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం పన్ను పడుతుంది మరి. స్మాల్‌క్యాప్ ఇప్పుడు ఒక్కటే ఉంది, అదీ ఆశ చావక.