నాన్న తుపాకీ అమ్మడానికి నేను పడిన పాట్లు

నాన్న పోయిన నెలకి ట్రంకు పెట్టె తీస్తే, కర్పూరం వాసన కొడుతున్న పాత పంచెలో చుట్టిన డబుల్ బ్యారెల్ కనిపించింది. లైసెన్సు నాన్న పేరు మీద, నాకేమో లేదు. భీమవరంలో ఉన్న బావకి లైసెన్సుంది, కొంటానన్నాడు, సరే అమలాపురం నుంచి పార్శిల్ వేసేద్దామనుకున్నాను. లాయర్ గారు విని నా మీద కేకలేశారు: "లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోవడమే నేరం, ముందు స్టేషన్‌లో అప్పగించు బాబూ!"

1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. నేను తూటాలతో సహా స్టేషన్‌లో ఇచ్చి, నంబరు సరిచూసుకుని రసీదు తీసుకున్నాను. ఆ రసీదు ప్రాణంలా దాచుకోండి. అలా డిపాజిట్ చేసినదాన్ని, చట్టప్రకారం తుపాకీ ఉంచుకునే హక్కున్నవాళ్లకి వారసులు అమ్ముకోవచ్చట, అది తెలిశాక టెన్షన్ తగ్గింది.

లైసెన్సుదారు బతికుండి తనే అమ్మాలంటే, కొనేవారి పేరు, చిరునామా రాసి కలెక్టరుకో స్టేషన్‌కో తెలిపి, కనీసం 45 రోజులు ఆగాలి. లాయర్ గారి మాట మీద మేమూ అలాగే ఆగాం. పార్శిల్ ఆలోచన మానేశాం, బావే లైసెన్సు పట్టుకుని స్వయంగా వచ్చి స్టేషన్ నుంచి తీసుకెళ్లాడు. పంచె మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.