గే వ్యతిరేక నాయకుడి మీద పోస్ట్ పెట్టే ముందు

గేలను తిట్టే నాయకుడు కనబడగానే "ఈయనా అదే అయ్యుంటాడు" అని కామెంట్ పెట్టేయకండి. నడక, గొంతు, పెళ్లి చేసుకోకపోవడం ఆధారాలు కావు, పైగా అది చదివే గే కుర్రాడికి తన బతుకే ఒక తిట్టులా వినిపిస్తుంది. ముందు ఆయన ఏ బిల్లుకు ఓటేశారో వెతకండి.

హంగేరీ నేత యోజెఫ్ సాయెర్ సంగతి చూడండి. పెళ్లంటే ఆడా మగా మధ్యేనన్న 2011 రాజ్యాంగం రాసినవాళ్లలో ఆయనొకరు. 2020 నవంబర్‌లో బ్రస్సెల్స్‌లో, కోవిడ్ ఆంక్షలుండగా, మగవాళ్ల సెక్స్ పార్టీ దగ్గర పోలీసులకు దొరికారు, యూరోపియన్ పార్లమెంట్ సీటు వదిలేశారు, ఆ సెక్స్ పార్టీకి వెళ్లానని తనే ఒప్పుకున్నారు. ఇది రాయొచ్చు: రికార్డులో ఉంది, ఆయన రాసిన చట్టంతో ముడిపడి ఉంది. కానీ పైపు పట్టుకుని దిగి పారిపోబోయారన్న జోకులెందుకు? ఇంట్లోవాళ్లను అసలు లాగొద్దు.

రికార్డేమీ లేకపోతే ఊహలు మానేసి, ఆ నాయకుడు ఓటేసిన చట్టం ఎవరి పెళ్లిని ఆపుతోందో రాయండి.