‘రషోమోన్’ కథను తరగతిలో ఎలా చెప్పాలి?

జపాన్‌లో మన పదో తరగతి ఈడు పిల్లలు హైస్కూలు మొదటి ఏడాదిలోనే చదివే కథ అకుతగావా ర్యూనోసుకే ‘రషోమోన్’. 1915 నవంబరులో అచ్చయింది. అప్పటికి రచయితకు 23 ఏళ్ళు, ఇంకా యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు. గట్టిగా చదివితే సుమారు 20 నిమిషాల కథే అయినా, చెప్పడానికి 50 నిమిషాల పీరియడ్లు ఐదు కావాలి. అంతకు తగ్గితే టీచరు అర్థం చెప్పడం, పిల్లలు రాసుకోవడం, అంతే.

ముందు చేసుకోవాల్సింది: కాపీరైట్ తీరిపోయిన కథ, ‘అఓజోరా బుంకో’ సైట్లో ఉచితంగా దొరుకుతుంది. వరసలకు నంబర్లు వేసి ప్రింటు తీయండి. ఆఖరి వాక్యం మాత్రం కత్తిరించి దాచండి. అది పాఠ్యపుస్తకంలో ఉంటుంది కాబట్టి, ఐదో పీరియడ్ దాకా పుస్తకాలు తెరవనివ్వకండి.

మొదటి పీరియడ్: కథంతా ఒక్క బిగిన చదవండి, మాటల అర్థాల కోసం ఆగొద్దు. తర్వాత పిల్లల చేత, కథ జరిగే క్యోటో ఊరి ద్వారం ‘రషోమోన్’ బొమ్మ గీయించండి. కింద వాన, మెట్ల మీద పని పోయిన నౌకరు, పైకి నిచ్చెన, పై అంతస్తులో అనాథ శవాలు, వాటి మధ్య దివిటీతో ముసలమ్మ. ఎవరు ఎక్కడున్నారో తెలియకపోతే తర్వాత అడిగే ప్రశ్నలన్నీ వృథా.

రెండో పీరియడ్‌కి నౌకరు మనసులో మార్పులు. మూడు గళ్ళ పట్టిక చాలు: వరస నంబరు, అతను చూసింది, అతనికి కలిగింది. పిల్లలు ‘భయం’ అని రాసి ఊరుకుంటారు. కథలో మాత్రం ఆరు పాళ్ళు భయం, నాలుగు పాళ్ళు కుతూహలం అని లెక్క కట్టి మరీ ఉంది. తర్వాత చెడు మీద అసహ్యం, ముసలమ్మను ఒడిసి పట్టుకున్నాక తృప్తి. శవం జుట్టు పీకుతున్నది సవరం చేసుకోవడానికే అని ఆమె చెప్పగానే, ఇంతేనా అన్న నిరుత్సాహం. ఇక్కడ ఆగి ‘నిరుత్సాహం ఎందుకు?’ అని అడగండి. ఈ కథకు అంతకంటే మంచి ప్రశ్న లేదు.

మూడో పీరియడ్ మొత్తం మొటిమకు. నౌకరు కుడి చెంప మీది మొటిమ కథలో నాలుగుసార్లు వస్తుంది. వరసల నంబర్లతో వెతికించండి. ముసలమ్మ మాటలు వింటున్నంతసేపూ చెయ్యి దాని మీదే ఉంటుంది. ఆ చెయ్యి మొటిమను వదిలి ఆమె మెడ దగ్గరి బట్ట పట్టుకున్న క్షణాన్ని పిల్లలే కనిపెట్టాలి. మీరు చూపించారో, పీరియడ్ పోయినట్టే.

నాలుగోది వాదన. ‘ఈ శవం బతికుండగా పాము ముక్కలు ఎండబెట్టి ఎండుచేపలని అమ్మింది. తిండి లేక చేసింది, తప్పనను. నేనూ అందుకే చేస్తున్నా’ అంటుంది ముసలమ్మ. నౌకరు ఆ వాదననే ఆమె మీదికి తిప్పి బట్టలు లాక్కుంటాడు. తరగతి చెడేది ఇక్కడే: ‘దొంగతనం తప్పా కాదా’ అనే చర్చ మొదలై కథ పక్కకు పోతుంది. మాట్లాడే ప్రతివాడూ ముందు వరస నంబరు చెప్పాలని నియమం పెట్టండి, దారికొస్తుంది. చివరి పది నిమిషాల్లో ‘కొంజాకు మొనొగతారి’ అనే పాత జపాన్ కథల సంపుటిలోని మూల కథ చెప్పండి. అందులో వచ్చేవాడు మొదటినుంచీ దొంగే. అకుతగావా అతన్ని, ఏం చేయాలో తేల్చుకోలేని నౌకరుగా ఎందుకు మార్చాడో ఇంటికి రాతపని.

ఐదో పీరియడ్‌లో దాచిన ముగింపు, ఒకటి కాదు, రెండు. 1915 నాటి దాంట్లో నౌకరు వానలో క్యోటో ఊళ్ళోకి దోపిడీకి పరుగెడుతుంటాడు. 1918లో రచయితే దాన్ని కొట్టేసి, అతను ఎటుపోయాడో ఎవరికీ తెలియదు అని మార్చాడు. రెండూ బోర్డు మీద రాసి, మార్పుతో ఏం పోయింది, ఏం వచ్చింది అని అరపేజీ రాయించండి.

దర్శకుడు కురొసావా ఇదే పేరుతో తీసిన 1950 సినిమా చూపిస్తే సరిపోతుందనుకోకండి. దాని కథ ప్రధానంగా ఇదే రచయిత 1922లో రాసిన ‘యబు నో నాకా’ అనే మరో కథ నుంచి వచ్చింది. ఈ కథ నుంచి తీసుకున్నది పేరు, ద్వారం, వాన, ఇంకా కాస్త. సినిమా ముందే చూసిన పిల్లలు, అందులోని హత్యా, సాక్షులూ ఈ కథలో ఏవని అడుగుతారు.

పరీక్షలో ‘కథ నీతి ఏమిటి?’ అని ఇవ్వొద్దు. ‘మనిషి స్వార్థం’ అని గైడులోంచి ఒకే జవాబు నలభై పేపర్లలో వస్తుంది. మొటిమ మూడోసారి వచ్చే వరస ఇచ్చి, అప్పుడు నౌకరు ఏం ఆలోచిస్తున్నాడో నాలుగు వాక్యాల్లో రాయమనండి.