సింగిల్ సైన్-ఆన్ తప్పనిసరి చేసే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఈమధ్య నాకు తెలిసిన ఒక సంస్థలో పొద్దున్నే ఎవరూ లాగిన్ కాలేకపోయారు. సింగిల్ సైన్-ఆన్‌లో (ఒకే లాగిన్‌తో ఆఫీసు సర్వీసులన్నీ తెరుచుకునే పద్ధతి) లాగిన్ సమాచారం అసలైనదేనని డిజిటల్ సంతకం చేయడానికి వాడే సర్టిఫికెట్ గడువు రాత్రి తీరిపోయింది. కొత్తది ఎక్కించాలంటే అడ్మిన్ లోపలికి వెళ్లాలి. ఆ అడ్మిన్‌కు ఉన్న దారి కూడా సింగిల్ సైన్-ఆన్ ఒక్కటే!

గట్టి పాస్‌వర్డ్, ఓటీపీ సంగతులు మీకు తెలిసినవే. నేను పదేపదే చూస్తున్న తప్పు వేరు: అత్యవసర అకౌంట్ లేకుండా, మిగతా లాగిన్ దారులన్నీ మూసేసే "తప్పనిసరి" బటన్ నొక్కేయడం.

అత్యవసర అకౌంట్

ముఖ్యమైన ప్రతి సర్వీసులోనూ సింగిల్ సైన్-ఆన్‌తో సంబంధం లేకుండా లోపలికి వెళ్లగల అడ్మిన్ అకౌంట్ ఉండాలి. ఎంట్రా ఐడీ (మైక్రోసాఫ్ట్ వారి లాగిన్ సర్వీసు) వాడేవాళ్లను అలాంటివి కనీసం 2 పెట్టుకోమని మైక్రోసాఫ్టే చెబుతుంది. దాన్ని ఏ ఒక్కరి ఫోన్‌కూ ముడిపెట్టకండి, ఆ మనిషి అందుబాటులో లేని రోజే అవసరం పడుతుంది. ఫిడో2 సెక్యూరిటీ కీలు (లాగిన్‌కు వాడే చిన్న పరికరాలు) తీసుకుని వేర్వేరు చోట్ల భద్రంగా దాచండి. రికవరీ మెయిల్ అదే సైన్-ఆన్ వెనక ఉంటే ఆ అకౌంట్ ఉండీ లేనట్టే. ఆ అకౌంట్‌తో ఎవరు లాగిన్ అయినా వెంటనే అలర్ట్ రావాలి. 90 రోజులకోసారి నిజంగా లాగిన్ అయి చూడండి.

మనిషిని గుర్తించే తీరు

లాగిన్ అయిన మనిషిది సర్వీసులో ఏ అకౌంటో చాలామంది ఈమెయిల్‌తో సరిపోలుస్తారు. పేరు మారి మెయిల్ మారితే ఆ ఉద్యోగికి ఖాళీ అకౌంట్ తెరుచుకుంటుంది. వెళ్లిపోయినవారి మెయిల్ కొత్తవారికి ఇస్తే ఇంకా ప్రమాదం, పాత ఫైళ్లన్నీ వాళ్ల చేతికి వెళ్లిపోవచ్చు. ఎప్పటికీ మారని ఐడీతో కలపండి.

ఇక మిగతావి.

సర్టిఫికెట్ గడువు రాసిపెట్టుకోండి. ఎంట్రా ఐడీలో ఎస్‌ఏఎంఎల్ (సింగిల్ సైన్-ఆన్‌కు వాడే ఒక ప్రమాణం) సర్టిఫికెట్ మామూలుగా 3 ఏళ్లకు తీరిపోతుంది, అప్పటికి దాన్ని పెట్టినవాళ్లు మీ దగ్గర ఉండకపోవచ్చు. గడువు అలర్ట్ ఒక్కరికే కాకుండా టీమ్ మొత్తం చూసే మెయిల్‌కు వెళ్లాలి.

సర్వర్ గడియారం సరిచూడండి. కొన్ని నిమిషాల తేడా ఉన్నా లాగిన్ తిరస్కరిస్తుంది.

ముందు కొద్దిమందితో మొదలుపెట్టండి.

ఉద్యోగి మానేస్తే సైన్-ఆన్ ఆపి ఊరుకోకండి. తెరిచి ఉన్న సెషన్లు (ముందే అయిన లాగిన్లు), ఏపీఐ టోకెన్లు (ప్రోగ్రాములు లోపలికి వెళ్లడానికి వాడే తాళాల్లాంటివి) అలాగే పనిచేస్తూ ఉండొచ్చు. అవీ రద్దు చేయండి.

సపోర్ట్ వాళ్లకు హెచ్‌ఏఆర్ ఫైల్ (బ్రౌజర్‌కూ సైట్‌కూ మధ్య నడిచిన సమాచారపు రికార్డు) పంపేముందు కుకీలు, టోకెన్లు తీసేయండి. 2023లో సింగిల్ సైన్-ఆన్ సేవలు అందించే ఒక్టా కంపెనీ సపోర్ట్ సిస్టమ్‌లోకి చొరబడినవాళ్లు అలాంటి ఫైళ్లలోని సెషన్ టోకెన్లనే దొంగిలించారు.

ఫోన్‌లో ఎవరు ఎంత కంగారుపెట్టినా ఓటీపీ రీసెట్ చేయొద్దు. మనిషిని నిర్ధారించుకున్నాకే.

శుక్రవారం సాయంత్రం మార్పులు చేయొద్దు.

మార్చేటప్పుడు పాత అడ్మిన్ సెషన్ మూయకండి. వేరే బ్రౌజర్‌లో లాగిన్ చేసి చూడండి. ఆ తర్వాత అత్యవసర అకౌంట్‌తో కూడా లాగిన్ అవ్వండి. అది పనిచేయకపోతే "తప్పనిసరి" బటన్ ముట్టుకోకండి. పై అధికారి తొందరపెట్టినా సరే.