వేగం సున్నా అయిన చోట త్వరణం ఎంత?

గమనం పాఠం మొదలుపెట్టిన రోజు నేను పిల్లలచేత సూత్రాలు రాయించను, పట్టిక గీయిస్తాను. ఎడమవైపు కాలం, కుడివైపు వేగం, అంతే. త్వరణం నిజంగా అర్థమయ్యేది ఆ పట్టికలోనే అని నా గట్టి నమ్మకం.

అంకెలు వేసేముందు ఏ దిశ ధనాత్మకమో పైన రాసుకోండి. వడికి దిశతో పనిలేదు, వేగానికి ఉంది. 400 మీటర్ల ట్రాక్‌ను 80 సెకన్లలో చుట్టి బయల్దేరిన చోటికే వస్తే సగటు వడి సెకనుకు 5 మీటర్లు. స్థానభ్రంశం, అంటే మొదలైన చోటి నుంచి చేరిన చోటికి నేరుగా ఉన్న దూరం, లేదు కాబట్టి సగటు వేగం సున్నా.

ఇప్పుడు ఒక బంతిని సెకనుకు 19.6 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా విసిరామనుకోండి. పైదిశ ధనాత్మకం, గాలి నిరోధం లెక్కలోకి వద్దు. విసిరిన క్షణం నుంచి సెకనుకోసారి వేగం రాస్తే 19.6, 9.8, 0, −9.8, −19.6 వస్తాయి. ఒక్కో అంకెలోంచి దాని ముందున్న అంకెను తీసేయండి. ఎప్పుడు తీసినా −9.8. వేగంలో సెకనుకు వచ్చే ఆ మార్పే త్వరణం.

ఇక్కడ కాసేపు ఆగండి. రెండో సెకను దగ్గర బంతి శిఖరాన ఉంది, వేగం సున్నా. “అయితే త్వరణం కూడా సున్నాయే కదా సార్” అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వినపడితే నాకు సంతోషం, అసలు పాఠం మొదలయ్యేది అక్కడే. నిజంగా అప్పట్నుంచి త్వరణం సున్నా అయితే వేగం మారదు, సున్నాగానే ఉండిపోతుంది. బంతి గాల్లోనే నిలిచిపోవాలి! అది కిందికి వస్తోందంటే శిఖరాన కూడా త్వరణం −9.8 ఉన్నట్టే. వేగం ఎంతుందో త్వరణం చెప్పదు, ఎలా మారుతోందో చెబుతుంది.

ఋణ త్వరణం అంటే నెమ్మదించడమని బట్టీపట్టకండి. పట్టిక కిందిసగంలో త్వరణం ఋణాత్మకమే, బంతి మాత్రం జోరందుకుంటోంది. వేగానికీ త్వరణానికీ ఒకే గుర్తుంటే వడి పెరుగుతుంది, వేర్వేరైతే తగ్గుతుంది.

అవే అంకెల్ని గ్రాఫ్ కాగితం మీద పెడితే ఏటవాలుగా దిగే సరళరేఖ వస్తుంది. దాని వాలే త్వరణం. మొదటి రెండు సెకన్లలో ఆ రేఖకూ కాలం అక్షానికీ మధ్య ఏర్పడే త్రిభుజం వైశాల్యం కట్టి చూడండి, 19.6 వస్తుంది. బంతి ఎక్కిన ఎత్తు అన్ని మీటర్లు.

వృత్తాకార గమనానికి మాత్రం ఈ పట్టిక చాలదు, బాణాలు గీయాలి. వడి మారకపోయినా దిశ మారుతూనే ఉంటుంది కనుక త్వరణం ఉంటుంది. వేగం బాణం స్పర్శరేఖ వెంట, త్వరణం బాణం కేంద్రం వైపు.