బ్యాండ్ విడిపోతే పేరు ఎవరికి? గొడవ ముదరకుండా తేల్చుకోవడం ఎలా?

రాక్ బ్యాండ్ విడిపోయేటప్పుడు గిటార్లు, స్పీకర్లు పంచుకోవడం పెద్ద కష్టం కాదు. ఎవరు కొన్నది వాళ్లు పట్టుకెళ్తారు. చిక్కంతా పేరు దగ్గరే. దాన్ని ముక్కలు చేసి పంచుకోలేం, జనం టికెట్ కొనేది మాత్రం ఆ పేరు చూసే. ఏళ్ల తరబడి ఒకే వ్యాన్‌లో తిరిగినవాళ్లు చివరికి లాయర్ల ద్వారా తప్ప మాట్లాడుకోకపోవడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. అంతదాకా రాకుండా ఉండాలంటే ఈ పనులు వరసగా చేయండి.

మొదటి పని: కాగితాలన్నీ ఒకచోట పెట్టండి

రికార్డు కంపెనీతో చేసుకున్న ఒప్పందం, ట్రేడ్‌మార్క్ (పేరు మీద హక్కును రిజిస్టర్ చేయించుకోవడం) సర్టిఫికెట్, బ్యాండ్ పేరు మీద కంపెనీ ఉంటే దాని పత్రాలు బయటికి తీయండి. ట్రేడ్‌మార్క్ ఎవరి పేరు మీద ఉందో, ఏ తరగతిలో, అంటే ఏ రకం సరుకుకో సేవకో ఉందో, రెండూ చూడాలి. చాలా దేశాలు వాడే వర్గీకరణలో సంగీత ప్రదర్శనలు 41వ తరగతి, రికార్డింగులు 9, టీషర్టులు 25. ఒక్క టీషర్టులకే రిజిస్టర్ చేయించి, పేరంతా తమదే అనుకునేవాళ్లు ఉంటారు. వెబ్‌సైట్, సోషల్ మీడియా అకౌంట్లు కూడా మర్చిపోవద్దు. లాగిన్ చేస్తే ఓటీపీ బ్యాండ్ వదిలి వెళ్లిపోయిన డ్రమ్మర్ ఫోన్‌కి వెళ్తోందని గొడవ మొదలయ్యాక తెలిస్తే, అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

రెండో పని: 'పేరు పెట్టింది నేనే' అనే వాదన పక్కన పెట్టండి

రాతపూర్వకంగా ఏదీ లేనప్పుడు అందరూ పట్టుకునే వాదన ఇదే. కోర్టులో ఇది నిలుస్తుందని నమ్ముకోవద్దు. ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ శాక్సన్ కథ చూడండి. బ్యాండ్ నుంచి వెళ్లిపోయిన గ్రాహం ఆలివర్, స్టీవ్ డాసన్ తర్వాత ఆ పేరును తమ ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకున్నారు. మొదటి నుంచీ బ్యాండ్‌లోనే ఉన్న గాయకుడు బిఫ్ బైఫోర్డ్ దాన్ని రద్దు చేయమని అడిగాడు. ట్రేడ్‌మార్క్ కార్యాలయంలో ఓడిపోయినా, 2003లో హైకోర్టులో గెలిచాడు. కోర్టు చెప్పింది ఏమిటంటే, పేరు, దానికొచ్చిన పరపతి భాగస్వామ్యానివి, విడివిడిగా ఏ ఒక్క సభ్యుడివీ కావు. సభ్యుడు వెళ్లిపోతూ తన వంతు పేరు చంకన పెట్టుకుని పోలేడు. తెలివైన సలహా దొరికిన బ్యాండ్‌లు ఈ సంగతి ముందే రాసుకుంటాయని కూడా న్యాయమూర్తి అన్నారు. చట్టం దేశానికో తీరుగా ఉంటుంది కాబట్టి మీ లాయర్‌ని అడగండి. కానీ మొదట అడగాల్సిన ప్రశ్న 'ఎవరు పెట్టారు' కాదు, 'ఇన్నాళ్లూ ఈ పేరుతో కలిసి పనిచేసింది ఎవరు' అని.

మూడో పని: తేలేదాకా ఎవరూ ఆ పేరుతో కొత్త షో ఒప్పుకోవద్దు

అమెరికా బ్యాండ్ క్వీన్స్‌రైక్ 2012లో గాయకుడు జెఫ్ టేట్‌ను తీసేశాక, దాదాపు రెండేళ్లు ఒకే పేరుతో రెండు బ్యాండ్‌లు తిరిగాయి. ఏది అసలుదో అభిమానులు వాకబు చేసుకోవాల్సి వచ్చింది. ఇంకా ఘోరం 1980లో జరిగింది. ఇంగ్లండ్ బ్యాండ్ డీప్ పర్పుల్ తొలి గాయకుడు రాడ్ ఇవాన్స్ తప్ప పాతవాళ్లెవరూ లేని గుంపు ఒకటి ఆ పేరుతో షోలు చేసింది. కోర్టు 6,72,000 డాలర్ల నష్టపరిహారం వేసింది.

నాలుగో పని: పేరును కాదు, పేరుతో చేసే పనులను పంచుకోండి

బేరానికి చోటు ఉన్నది ఇక్కడే, కాబట్టి ఓపికంతా ఇక్కడ పెట్టండి. షోలు ఎవరు చేస్తారు, టీషర్టులు ఎవరు అమ్ముతారు, పాత రికార్డుల డబ్బు ఎలా పంచుకోవాలి, వెళ్లిపోయినవాళ్లు పోస్టర్ మీద 'మాజీ సభ్యుడు' అని రాసుకోవచ్చా, రాసుకుంటే ఎంత సైజు అక్షరాల్లో అనేవి ఒక్కొక్కటిగా తేల్చండి. క్వీన్స్‌రైక్ గొడవ 2014లో ఇలాగే తీరింది. పేరు మిగతావాళ్లకు దక్కింది, వాళ్ల ప్రసిద్ధ ఆల్బమ్ ఒకదాన్ని వేదిక మీద మొదటి నుంచి చివరిదాకా పాడే హక్కు టేట్‌కు వచ్చింది. ఇంగ్లండ్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ విషయంలో, బ్యాండ్ వదిలి వెళ్లిన రోజర్ వాటర్స్ మిగతావాళ్లు ఆ పేరు వాడకూడదని 1986లో కోర్టుకెక్కాడు. 1987 డిసెంబరులో, బ్యాండ్‌లో మిగిలిన డేవిడ్ గిల్మర్ పడవ ఇంట్లో ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. పేరు గిల్మర్, నిక్ మేసన్‌లకు మిగిలింది, 'ది వాల్' ఆల్బమ్ ప్రదర్శన హక్కు వాటర్స్‌కు దక్కింది. అలా కోర్టుకెళ్లడం తన పొరపాటేనని వాటర్స్ 2013లో ఒప్పుకున్నాడు. ఆ మాట అనడానికి పాతికేళ్లకు పైగా పట్టిందంటే మీరే ఆలోచించండి.

ఎవరికీ ఇవ్వడం ఇష్టం లేకపోతే మరో దారి ఉంది. పేరును ఉమ్మడి కంపెనీ చేతిలో పెట్టి, వాడుకునేవాళ్లు దానికి రుసుము కట్టాలి. అమెరికా బ్యాండ్ బీచ్ బాయ్స్ పేరును అలా బ్రదర్ రికార్డ్స్ కంపెనీ చేతిలో పెట్టారు. షోలకు లైసెన్స్ బ్యాండ్ గాయకుడు మైక్ లవ్‌కు దక్కింది. లైసెన్స్ లేకుండా ఆ పేరు వాడిన పాత సభ్యుడు ఆల్ జార్డీన్ మీద ఆ కంపెనీ దావా వేసి గెలిచింది.

ఐదో పని: రాసి సంతకాలు పెట్టండి

భాష తేలిగ్గా ఉండాలి. 'సభ్యుడు వెళ్లిపోయినా బ్యాండ్ కొనసాగుతుంది, పేరు మిగిలినవాళ్లదే, వెళ్లినవారికి పాత పాటల రాబడి అందుతూనే ఉంటుంది' అన్నంత సూటిగా రాయండి. ఎవరైనా చనిపోతే వారసులకు ఏం దక్కుతుందో, అందరూ విడిపోతే పేరు ఎవరూ వాడకూడదా అన్నదీ చేర్చండి. కలిసి ఉన్నవాళ్లు ఈ వారమే రాసుకోండి. స్నేహం బాగున్నప్పుడు ఒక సాయంత్రం చాలు.

సంతకాలయ్యాక ట్రేడ్‌మార్క్ రిజిస్టర్‌లో పేరు మార్పించండి, అకౌంట్ల పాస్‌వర్డ్‌లు అప్పగించండి. అభిమానులకు రెండు వర్గాలూ కలిసి ఒకే ప్రకటన ఇవ్వండి. పాత రికార్డుల మీద ఉన్న పేర్లు మాత్రం అలాగే ఉంచండి. ఆ పాట వాయించిన చేతులు అవే కదా.